మూరెడు అరుగు

బడికి పోయే దారిలో ఒక గోడ నన్ను రోజూ ఆపుతుంది. మా వేములవాడలో మూలవాగు వంతెన నుంచి రాజన్న గుడి దాకా 2025లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందుభాగం పోయిన ఇండ్లలో ఒకదానిది అది. వసారా పోయింది, దాని వెనుక ముందరి అర్ర పోయింది, లోపలి అర్ర గోడ వచ్చి రోడ్డు మీద నిలబడింది. నీలం కలిపిన సున్నం వేసిన గోడ. నడుమ దీపం గూడు. గూడు నెత్తిన ఏండ్ల నాటి మసి పైకి పాకి ఉంది. పక్కన రెండు మేకులు. క్యాలెండర్ వేలాడిన మేర నలుచదరంగా నీలం ఇంకా చిక్కగా కనబడుతుంది. దాని కింద పెన్సిల్‌తో గీసిన పాల లెక్క ఉంది. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి, మళ్లీ నాలుగు. పొద్దుగాల పాలు పోయించుకొని ఆ ఇంటి తల్లి నిద్రకండ్లతో గీసిన గీతలై ఉంటాయి. ఇప్పుడు ఆటోల్లో పోయేవాళ్లంతా వాటిని చూసుకుంటూ పోతున్నారు. తలుపు తట్టకుండా ఒకరి ఇంట్లోకి తొంగిచూసినట్టనిపించి నేను చూపు తిప్పుకుంటాను. మర్నాడు మళ్లీ చూస్తాను. లోపలి గోడే ఇంటి ముఖమైతే ఆ ఇంట్లోవాళ్లకు ఎట్లుంటుంది? అసలు ఇంటికి ముఖం అని మనం దేన్ని అంటున్నాం?

ఈ ప్రశ్న వెంటపడటానికి కారణం ఉంది. మా ఇంటి పని కూడా ఇప్పుడే పెట్టుకున్నాం. మాది భీమన్న గుడి దగ్గరి సందులో పాత ఇల్లు. సందులో ఉంది కాబట్టి వెడల్పులో పోలేదు. కొడుకు పెండ్లి దగ్గరపడింది. అత్తమ్మకు మెట్లెక్కే పని లేకుండా కింద ఒక అర్ర, ఆనుకొని బాత్రూం కావాలి. మస్కట్‌లో ఉన్న మా మరిది వచ్చే ఏడు వచ్చేసి ఇక్కడే ఉంటానంటున్నాడు. అందుకని వెనుక ఒక అర్ర, పైన రెండు గదులు, ముందు కొత్త ఎలివేషన్ అనుకున్నాం. ఎలివేషన్ అనే మాట మా గల్లీలో చిన్నపిల్లల నోట కూడా వినబడుతుంది. మరిది రోజూ రాత్రి ఫోన్‌కు బొమ్మలు పంపుతాడు. బూడిదరంగు అల్యూమినియం షీట్లు, నడుమ నిలువెత్తు అద్దం, స్టీలు రెయిలింగు, సజ్జ కింద వరుసగా పసుపు లైట్లు. "వదినా, ఇది సూడుండ్రి, మన గల్లీల ఇట్లాంటిది ఒక్కటి లేదు" అని వాయిస్ పెడతాడు. ఆ గొంతులోని సంబురం నాకు తెలుసు. పద్దెనిమిదేండ్లు ఒక్క గదిలో ఎనిమిది మందితో, మంచం మీద మంచం వేసుకొని పడుకున్న మనిషి. ఆయనకు ఇల్లంటే ఫోన్‌లో కనబడేదే. ఫోన్‌లో పడేది ఇంటి ముఖమే. మా సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్ పల్లెల్లో గల్ఫ్ సొమ్ముతో లేచిన ప్రతి ఇంటి ముందు నిలబడ్డప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ రంగుల వెనుక ఎన్ని ఎండలు, ఎన్ని దాచిన జ్వరాలు ఉన్నాయో. అందుకే ఆ బొమ్మలను చూసి నేను కోపం చేయలేను. కానీ ఆ అద్దం పడమరకు తిరిగి ఉంటుందని, మే నెలలో నలభై నాలుగు డిగ్రీల ఎండ దాని గుండా ఇంట్లోకి దిగుతుందని ఆయనకు ఎట్లా చెప్పను?

మా డాబా ఎక్కితే ఊరి కప్పులన్నీ కనిపిస్తాయి. దాదాపు ప్రతి కప్పు మీదా పిల్లర్ల దగ్గర ఇనుప చువ్వలు ఆకాశానికి లేచి ఉంటాయి. మా కప్పు మీద కూడా ఉన్నాయి. 1998లో మా మామయ్య వెనుకవైపు స్లాబ్ పోసినప్పుడు వదిలిపెట్టినవి. "ఎప్పటికైనా పిల్లలు పైకి లేపుకుంటరు" అని ఆయన అనేవాడట. ఇన్నేండ్ల వానకు అవి ఎర్రగా తుప్పెక్కి పొరలు పొరలుగా రాలుతున్నాయి. చువ్వలకు సిమెంటు పాలు పూసి, మీద పలచటి కాంక్రీటు కప్పి ఉంచితే ఈ గతి పట్టకపోయేదని సుతారి అన్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ తోచలేదు. వాటి మీద బట్టలారేసుకున్నాం, యాంటెన్నా కట్టుకున్నాం, వడియాల మీద కప్పిన చీర కొంగు ముడేసుకున్నాం. చిలీ దేశంలోని ఇకీకే పట్నంలో 2004లో అలెహాండ్రో అరవేనా బృందం పేదవాళ్లకు కట్టిన ఇండ్ల గురించి చదివినప్పుడు నాకు ఈ చువ్వలే కండ్లముందు మెదిలాయి. ఉన్న డబ్బుతో చిన్న ఇల్లు పూర్తిగా కట్టేసే బదులు వాళ్లు మంచి ఇంటిలో సగం కట్టి, మిగతా సగానికి జాగా ఖాళీగా వదిలారు. చేతిలో నాలుగు పైసలు ఆడినప్పుడు ఇంటివాళ్లే దాన్ని నింపుకున్నారు. 2016లో అరవేనాకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. మా మామయ్య ఆ పేర్లేవీ వినలేదు. కానీ ఇల్లు ఒక తరంతో ముగియదని, తర్వాతివాళ్లకు పట్టుకోను ఒక కొస వదిలిపెట్టాలని ఆయనకు తెలుసు. ఆ చువ్వలను కోసేయాలని మొన్న తేలినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. తుప్పు పట్టిన ఇనుముకు ఇంత బాధపడతారా ఎవరైనా?

ఈ ఇల్లు ఒక్కనాటి కట్టడం కాదు. అత్తమ్మ కోడలిగా వచ్చేనాటికి రెండు అర్రలు, నడుమ భవంతి, మీద గూనపెంక. తర్వాత మేకలకు వేసిన పందిరి వంటిల్లయింది. వంటిల్లు పడుకునే అర్రయింది. ముందు వసారాకు రేకులు వచ్చాయి, వెనుక స్లాబ్ వచ్చింది. సిరిసిల్లలో మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు కూడా ఇట్లాగే పెరిగింది. అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, పెట్టను జాగా కావాల్సి వచ్చి మనుషులు వెనక్కి జరిగారు, సాంచాలు ముందరికి వచ్చాయి. అమెరికాలో స్టూవర్ట్ బ్రాండ్ అనే ఆయన 1994లో కట్టడాలు ఎట్లా నేర్చుకుంటాయో చెబుతూ ఒక పుస్తకం రాశాడు. ఇంట్లో ఒక్కో పొరకు ఒక్కో ఆయుష్షు ఉంటుందంటాడు. నేల శాశ్వతం, పునాది గోడలు తరాల పాటు ఉంటాయి, పైతోలు ఇరవై ఏండ్లకోసారి మారుతుంది. మొన్న మా ముందరి గోడకు సుతారి ఉలి పెట్టినప్పుడు ఆ పొరలను కండ్లతో చూశాను. పైన పసుపు పెయింటు, దాని కింద ఆకుపచ్చ డిస్టెంపర్, దాని కింద సిమెంటు పూత. సుత్తి మొనతో తట్టితే లోపల డొల్ల మోగింది. పెచ్చు ఒకటి పళ్లెమంత ఊడి కింద పడింది. వెనుక డంగు సున్నం, దాని మీద నీలం పొరలు ఎన్ని పండుగలకు వేశారో అన్ని. ఆ వెనుక వరిగడ్డి కలిపి తొక్కిన మట్టి, చేత్తో ముడితే తడి. మట్టిగోడ తేమను పీలుస్తుంది, వదులుతుంది. సున్నం దానికి అడ్డు చెప్పదు. సిమెంటు వచ్చి ఆ దారి మూసింది. గట్టిపడుతుందని మేం వేసిన పూతే లోపల గోడను నానబెట్టింది. ఆ తడి మట్టి నా వేలి కొసకు అంటుకుంది. అందులో ఒక గడ్డిపోచ పసుపు రంగు కూడా చెడకుండా ఉంది. ఏ పొలంలో కోసిన గడ్డో, ఎవరి కాళ్లు తొక్కిన మట్టో. ఈ గోడ మీద అల్యూమినియం షీట్లు బిగించి మూసేయమంటే చేతులెట్లా వస్తాయి?

"టీచరమ్మా, ఈ గోడ తన బరువు తాను మోస్తది, పైవాళ్ల బరువు మొయ్యది" అన్నాడు సుతారి. పైన గదులు వేయాలంటే పాత గోడల మీద ఆధారపడకూడదు. గట్టి నేల తగిలేదాకా గుంతలు తీసి, వేరుగా పిల్లర్లు లేపి, వాటి మీద బీములు కట్టి స్లాబ్ పోయాలి. నేనొక మాట అడిగాను, కొత్త పిల్లరును పాత గోడకు ఆనించి కలిపేస్తే రెండూ ఒకదానికొకటి ఆసరా అవుతాయి కదా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కలుపొద్దు. పాతది ఎప్పుడో దిగి కూసున్నది. కొత్తది ఇంక దిగాలె. రెండు అతికిస్తే కొత్తది దిగంగ పాతదాన్ని గుంజుతది, పర్రె వడ్తది. అంగుళం సందు ఇడిసి వెట్టుకోవాలె, మీద పట్టీ కొట్టుకోవాలె" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టక అదే ఆలోచించాను. ఇరవై ఏడేండ్ల కింద ఈ ఇంట్లోకి నేను వచ్చినప్పుడు అత్తమ్మ నాకు ఆ అంగుళం వదిలింది. బడికి పోతానంటే పొమ్మంది, నా వంట రుచి నాదిగానే ఉండనిచ్చింది. రేపు రాబోయే పిల్లకు నేను ఆ సందు వదలగలనా? ఇల్లు పెంచడమంటే గదులు లెక్కబెట్టడమే అనుకున్నాను ఇన్ని రోజులు.

ఇంతలో గుడి పనులు మొదలయ్యాయి. మా ఊరి పెద్ద ఇల్లు రాజన్నది. ఆ ఇంటిని కూడా పెంచుతున్నారు. 2024 నవంబర్ 20న ముఖ్యమంత్రి వచ్చి 76 కోట్ల ఆలయ విస్తరణ పనులకు శంకుస్థాపన చేశారు. పనులు సాగే రోజుల్లో దర్శనాలు, కోడె మొక్కులు భీమన్న గుడికి మారాయి. వేములవాడ చాళుక్యుల నాటి గుడి అది, వెయ్యేండ్లు దాటింది. ఇన్నాళ్లూ ఆ వైపు నెమ్మదిగా ఉండేది. ఇప్పుడు సోమవారం వస్తే మా సందు నిండా జనం. గుండ్లు చేయించుకున్న పిల్లలు, నెత్తిన మూటలు, చంకలో బిడ్డలు, పగ్గం పట్టుకొని కోడె వెంట నడిచేవాళ్లు. మేడారం జాతర ఏడు వచ్చిందంటే సమ్మక్క దగ్గరికి పోయే ముందు రాజన్నను చూసుకొని పోవాలని వచ్చేవాళ్ల రద్దీ ఇంకా ఎక్కువ. మొన్నొక సోమవారం కిటికీలోంచి చూశాను. డెబ్బయి దాటిన ముసలమ్మ ఒకామె నడవలేక ఆగింది. కూర్చోను చోటు వెతికింది. మా ఇల్లు గోడ, పక్కింటిది గేటు, దాని పక్కింటిది గేటు, ఎదురింటిది నున్నటి టైల్స్ అంటించిన ప్రహరీ. సందు మొత్తంలో ఒక మనిషి కూర్చోగలిగిన మేర లేదు. చివరికి మోరీ మీది బండ మీద ఒరిగి కూర్చుంది, చీర కుచ్చిళ్లు మోరీలో పడకుండా ఒక చేత్తో పట్టుకొని. నేను నీళ్లు పట్టుకొని బయటికి వచ్చేసరికి లేచి పోయింది. నీళ్ల చెంబుతో గడపలో నిలబడిపోయాను.

అత్తమ్మకు చెప్పాను. ఆమె మంచం మీద లేచి కూర్చొని "మనకు అరుగుండె గద" అంది. ఉండేదట. వాకిలికి రెండు దిక్కులా అరుగులు, ఎర్రమట్టితో అలికి, అంచులకు సున్నం పట్టీ. కుడి అరుగు మీద రంజన్, దాని మీద మూతపెట్టిన ఇత్తడి చెంబు. శివరాత్రికి రాత్రంతా ఆ అరుగుల మీద ఎవరెవరో పడుకునేవాళ్లట. పొద్దున లేచి చూస్తే ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఒక్కోసారి అరుగు మీద ఇంత పసుపు బియ్యం, ఒక కొబ్బరి చిప్ప పెట్టి ఉండేవట. రేకుల వసారా వేసినప్పుడు ఒక అరుగు పోయింది. మోటరు సైకిల్ వచ్చినప్పుడు రెండోది పోయింది. "నేనే తవ్వుమన్న, బండి ఎక్కుతలేదని" అంది అత్తమ్మ, గోడ వైపు చూస్తూ. ఊళ్లో ప్రతి ఇంటిదీ ఇదే కథ. రోడ్డు వెడల్పు ఎన్నడో తర్వాత వచ్చింది. అరుగులను మాత్రం మనకు మనమే తీసేసుకున్నాం.

అయితే నేను అరుగును తలచుకొని మురిసిపోతుంటే ఒక మాట గుచ్చుతూనే ఉంది. ఆ అరుగు మీద అందరూ కూర్చునేవాళ్లా? ఆ సంగతీ అడిగాను. అత్తమ్మ కాసేపు ఊరుకుంది. చెప్పుల పని చేసే తాత వస్తే వాకిట్లో నిలబడేవాడట, అరుగు ఎక్కేవాడు కాదట. చెంబు ఆయన చేతికి ఇచ్చేవాళ్లు కాదు, పైనుంచి దోసిట్లోకి పోసేవాళ్లు. "అప్పుడు గట్లనే ఉండె బిడ్డా. తప్పే" అంది. దేవుడి మొక్కుకు పోయేవాళ్లలో కూడా ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ మట్టి అరుగే పంచిపెట్టింది. మరి నేను తిరిగి తెద్దామనుకుంటున్నది ఏది? ఎర్రమట్టి అందమా, ఆ పంపకమా? రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోడె కట్టినవాళ్లు అక్కడికీ పోయి మొక్కుతారు. అంత చోటిచ్చిన దేవుడి ఊళ్లో మా ఇంటి అరుగు ఇంత ఇరుకుగా ఎట్లా ఉండింది? పాతది కాబట్టి మంచిదనే మాట నేను ఇక అనలేను. కట్టేదేదో కొత్తగానే కట్టాలి, ఎక్కిన ప్రతి మనిషికీ సమంగా.

ఇంకో అనుమానం కూడా ఉంది. నా ఇల్లు సందులో ఉండి బతికిపోయింది కాబట్టి నాకిన్ని ఆలోచనలు. దీపం గూడు రోడ్డున పడ్డవాళ్లకు ఎలివేషన్ అంటే వాన లోపలికి కొట్టకుండా ముందు ఒక గోడ లేవడం. మధ్యమానేరు జలాశయం కింద మునిగిన కొదురుపాక నుంచి వచ్చిన ఒక తోటి టీచరు తమ పాత ఇంటి దర్వాజ ఒక్కటి ఊడబెరుక్కొని తెచ్చుకుంది. కొత్త కాలనీ ఇంటికి అది కొలతకు రాలేదు, పిట్టగోడకు ఆనించి పెట్టుకుంది. ఆమె ముందు అరుగుల గురించి మాట్లాడబోయి ఎన్నిసార్లో మింగేశాను. ఇల్లు కోల్పోయినవాళ్ల బాధను నా ఇంటి అలంకారం చేసుకోవద్దని నాకు నేనే చెప్పుకుంటాను. కానీ ఆ నీలం గోడ నాకొకటి నేర్పింది. ఇల్లంటే నాలుగు గోడల లోపలి సంగతే అని ఎంత అనుకున్నా, దాని ఒక గోడ ఎప్పుడూ వీధిదే. వీధి వచ్చి తీసుకున్నప్పుడు దుఃఖం. మనమే పిలిచి కాస్త ఇచ్చుకుంటే?

మాకు 160 గజాల జాగా. టీఎస్ బీపాస్ పేరుతో 2020 నవంబరులో వచ్చిన ఇంటి అనుమతుల పద్ధతి ప్రకారం 75 గజాలలోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తుదాకా అయితే రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోతుంది. మాలాగ అంతకు మించితే, 600 గజాల దాకా పది మీటర్ల ఎత్తు లోపు, ఇంటివాళ్లే స్వయంగా ధ్రువీకరించి దరఖాస్తు పెట్టాలి, ముందు జాగా వదలాలి. అట్లా వదిలిన జాగాను అందరూ ప్రహరీ కట్టి, గేటు పెట్టి లోపలికి కలుపుకుంటారు. మా ముందరి మట్టిగోడ లోపల నానిపోయి ఎట్లాగూ ఎక్కువకాలం నిలవదని తేలింది కాబట్టి దాన్ని వెనక్కి జరిపి కడదామన్నాను. సందు వైపు ప్రహరీ వద్దు, మా హద్దులోనే, మోరీకి ఇవతల, ఒక పొడుగాటి అరుగు, పైన రెండున్నర అడుగుల సజ్జ, పక్కన నీళ్ల కుళాయి. గేటు పక్కసందులోకి. మా ఆయన చాలాసేపు గీతలు చూసి, తాగి పడుకునేవాళ్ల సంగతేందని అడిగాడు. అది కాదనలేని భయమే. లైటు ఒకటి రాత్రంతా వెలిగిద్దామన్నాను. ఇంకేం చెప్పాలో నాకూ తెలియలేదు. మరిదికి గీత పంపిస్తే వెంటనే ఫోన్ చేశాడు. "వదినా, ఇల్లు పెంచుతున్నమా, తగ్గిస్తున్నమా?" అన్నాడు. ఆ ముసలమ్మ సంగతి, మోరీ సంగతి చెప్పాను. చాలాసేపు అవతల నుంచి ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. "మొదట్ల ఇక్కడికి వచ్చినప్పుడు మధ్యాహ్నం పూట నీడకు కూసునేందుకు జాగ దొరికేది కాదు వదినా. ఒక దుకాణం మెట్ల మీద కూసుంటే లేపిండు" అన్నాడు. ఆ సంగతి పద్దెనిమిదేండ్లలో ఆయన మాకెవరికీ చెప్పలేదు. "అద్దం పైన పెట్టుకుందాం తియ్యిండ్రి, చిన్నది. తూర్పు దిక్కు" అని ఫోన్ పెట్టేశాడు.

ఈ అరుగు గురించి ఆలోచించినప్పుడల్లా నాకొక గుట్ట గుర్తొస్తుంది. మా ఊరికి కొద్ది దూరంలో, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో ఉన్న పంపకవికి జినవల్లభుడు తమ్ముడు. పదో శతాబ్దంలో ఈ జినవల్లభుడు ఆ గుట్ట బండ మీద శాసనం చెక్కించాడు. తెలుగు కంద పద్యాలున్న ఆ శాసనం బసది గురించి, చెరువు గురించి, తోట గురించి చెబుతుంది. పిల్లలను తీసుకొని ఒకసారి అక్కడికి పోయాను. ఎండలో గుట్టెక్కి అలసిపోయి అందరం ఆ బొమ్మల బండ నీడకే చేరాం. తాను కట్టించినవాటిలో చెరువును, తోటను కూడా లెక్కబెట్టుకున్న ఆ మనిషి మీద నాకు ఆనాడే ప్రేమ పుట్టింది. తోటకు తాళం ఉండదు. చెరువుకు గడప ఉండదు.

నిన్న పొద్దున సుతారి ముగ్గు పోయడానికి వచ్చాడు. దారం కట్టి, మూలమట్టం చూసి, పిల్లర్ల గుంతలకు గుర్తులు పెట్టాడు. అరుగు దగ్గరికి వచ్చేసరికి ఆగి "ఎంత ఎత్తు వెట్టాలె టీచరమ్మా?" అన్నాడు. కాగితం మీద నేను పొడవు రాశాను, వెడల్పు రాశాను, ఎత్తు రాయడం మరిచిపోయాను. అత్తమ్మ లోపల నుంచి గోడ పట్టుకొని నెమ్మదిగా వచ్చింది. అరుగు రాబోయే చోట, సుతారి ఇటుకలు పేర్చుకున్న కుప్ప ఉంది. దాని మీద కూర్చుంది. రెండు పాదాలు పూర్తిగా నేలకు ఆనాయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ఒక నిట్టూర్పు విడిచింది. సుతారి టేపు తీయలేదు. ఆమె పక్కన వంగి, మోచేయి నేలకు ఆనించి చేయి నిలువుగా పెట్టాడు. నడివేలి కొస ఇటుకల పైవరుసకు తగిలింది. "మూరెడు" అని, సున్నపు ముద్దతో పాత గోడ మీద అడ్డంగా ఒక గీత గీశాడు.